ఒంటి నొప్పి – మనసు బాధ



నడుము నొచ్చినా "బాధగా ఉంది" అంటాం, అయినవారు దూరమైనా "బాధగా ఉంది" అంటాం. ఒంటికీ, మనసుకీ మన తెలుగులో మాట ఒక్కటే. వైద్యశాస్త్రమూ ఇదే చెబుతోంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లోనూ, సవరించి 2020లోనూ ఇచ్చిన నిర్వచనాల ప్రకారం నొప్పి శరీరానికి తెలిసేదే కాదు, మనసు అనుభవించేది కూడా.

దెబ్బ తగిలిన చోటు నుంచి నాడులు వెన్నుపాము ద్వారా మెదడుకు కబురు పంపుతాయి. ఆ దారిలో తలుపు వంటి ఏర్పాటు ఉందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. భయం, దిగులు ఆ తలుపు తెరుస్తాయి. ధైర్యం, ఆప్యాయత కొంత మూస్తాయి. సెరొటోనిన్, నారడ్రెనలిన్ అనే రసాయనాలకు నొప్పితోనూ, దిగులుతోనూ సంబంధం ఉంది. అందుకే దిగులుకిచ్చే అమిట్రిప్టిలిన్ వంటి మందును నరాల నొప్పికీ రాస్తారు. దాన్ని చూసి "నన్ను పిచ్చివాడంటున్నారా?" అని రోగి బాధపడనక్కరలేదు.

దవాఖానలో మంచం పట్టిన కూలీని తలచుకోండి. నొప్పితో నిద్ర లేదు. నిద్ర లేక దిగులు, దిగులుతో మరింత నొప్పి. దానికి తోడు పోయిన కూలి, పెరిగిన అప్పు, పిల్లల చదువు. నర్సుగా మొదలై డాక్టరైన ఇంగ్లండు మహిళ సిసిలీ సాండర్స్ 1960లలో దీన్ని 'సంపూర్ణ బాధ' అన్నారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. మన జహీరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది.

ఇంట్లో చదువుకున్నది మనమే కనుక రోగి వెంట ఉండేదీ చాలాసార్లు మనమే. అప్పుడు ఇవి గుర్తుంచుకుందాం:

1. "నాటకాలాడుతున్నావు" అనవద్దు. అది పుండు మీద కారం చల్లడమే. మనసు వల్ల పెరిగిన నొప్పి అబద్ధపు నొప్పి కాదు.

2. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతో రోజూ అడిగి, రాసి, డాక్టరుకు చూపాలి.

3. నిద్ర, ఆకలి తగ్గినా, "బతికి ఏం లాభం" అన్నా వెంటనే డాక్టరుకో, నర్సుకో చెప్పాలి. రోగిని ఒంటరిగా వదలకూడదు.

4. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందు డాక్టరు ఇస్తారు. "ఎట్లుంది నీకు?" అని అడిగి ఓపికగా వినే పని మనది.