పీలమేడులోని మేనకోడలికి

మదురై, తెప్పకుళం



నీ ఉత్తరం చేరింది. చికున్‌గున్యా జ్వరం దిగి మూడు నెలలైనా పొద్దున లేచి చీలమండలు నేల మీద ఆనించలేకపోతున్నానన్నావు. అది తగ్గే లోపే చిన్నదాన్ని ఎత్తుకోబోతే నడుం పట్టేసిందన్నావు. కోయంబత్తూరు మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చి, ఇప్పుడు ఆ మాటే ఎత్తొద్దని అల్లుడితో చెప్పావట. చివర ‘ఇద్దరు పిల్లల తల్లిని, నాకివన్నీ ఎందుకత్తా’ అని రాశావు. తక్కినవన్నీ అర్థమయ్యాయి. ఆ చివరి మాట మాత్రం ఒప్పుకోను. ఇంత పొడుగు ఉత్తరం దాని కోసమే.

ముందు జబ్బు సంగతి. చికున్‌గున్యా జ్వరం వారం తిరక్కుండా పోతుంది. కీళ్ళ నొప్పులు కొందరికి నెలలు, కొందరికి ఏడాది దాటి కూడా ఉంటాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఊసే లేకుండా పోయి 2005-06లో మన దేశం మీద మళ్ళీ విరుచుకుపడినప్పుడు నర్సుగా దగ్గరుండి చూశాను. తగ్గిందని ఇంటికెళ్ళినవాళ్ళు బిందె ఎత్తలేక, దోసెపిండి కలపలేక మళ్ళీ వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒళ్ళు దాచుకునే మనుషులు ఎవరూ లేరు. కాబట్టి ఇంకా నొప్పి ఉందని నిన్ను నువ్వు తిట్టుకోకు. అయితే మూడు నెలలు దాటింది కనుక, పొద్దున బిగుసుకుపోవడం అరగంటకు మించినా, కీలు వాచి వేడిగా ఉన్నా, కీళ్ళవాతం చూసే డాక్టరుకు చూపించు. నడుం నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా, ఒంటేలుకు వెళ్ళడంలో తేడా వచ్చినా ఆ రోజే వెళ్ళాలి, ఆదివారమని ఆగకూడదు. మందుల షాపులో నొప్పి బిళ్ళ కొని మింగి నడవడం మాత్రం వద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో నీకు తెలియదు.

అవినాశి రోడ్డు మీద రోజూ దాటిపోతావే, అరవింద్ కంటి ఆస్పత్రి, దాన్ని స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారి జీవితం నీకు చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్దాస్పత్రి నర్సులందరూ చెప్పుకునే కథ అది. ఆయన మన తెలుగు ఇళ్ళవారే. 1918లో ఎట్టయాపురం పక్కన నల్లరేగడి నేలల్లో వడమలాపురమనే పల్లెలో పుట్టారు. అయినవాళ్ళలో ఆడపిల్లలు కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకోవడం చిన్నప్పుడే చూసి, కాన్పులు చేసే డాక్టరు కావాలనుకున్నారు. మద్రాసులో వైద్యం చదివి సైన్యంలో చేరారు. సరిగ్గా ముప్పై ఏళ్ళ వయసులో, 1948లో, కీళ్ళవాతం ఆయన్ను మంచాన పడేసింది. నెలల తరబడి కదల్లేకపోయారు. లేచేసరికి చేతివేళ్ళు మెలితిరిగిపోయాయి. ఆ చేతులతో కాన్పులు చేయడం కుదరదని తేలిపోయింది.

ఆయన కంటి వైద్యంలోకి మారారు. ముందు నిలబడటం, తర్వాత కలం పట్టుకోవడం, ఆ తర్వాత కత్తి పట్టుకోవడం మళ్ళీ నేర్చుకున్నారు. తన వేళ్ళ వంకరకు తగినట్టు పనిముట్లు మార్పించుకున్నారు. ఆ రోజుల్లోనే తండ్రి పోయారు. ఇంటికి పెద్దకొడుకు కనుక తమ్ముళ్ళ, చెల్లెళ్ళ చదువులూ పెళ్ళిళ్ళూ ఆయన నెత్తిన పడ్డాయి. ఇంటి బరువు మోస్తూనే ఆ చేతులతో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. సర్కారు కొలువు నుంచి దిగిపోయాక 1976లో, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఇక్కడ మదురైలో పదకొండు మంచాలతో అరవింద్ ఆస్పత్రి తెరిచారు. 2006లో పోయేనాటికీ ఆ వేళ్ళు వంకరగానే ఉన్నాయి. ఇది బాగా గుర్తుపెట్టుకో అమ్మణీ. జబ్బు నయమయ్యాక పని మొదలుపెడదామని ఆయన కూర్చుని ఉంటే ఏ పనీ జరిగేది కాదు.

ఆయన వదిలింది కాన్పుల వైద్యాన్ని, వైద్యాన్ని కాదు. నువ్వు కూడా ఏది వదలాలో, ఏది వదలకూడదో కూర్చుని ఆలోచించు. పరుగు మొదలుపెట్టినప్పుడు నాకు రాసిన ఉత్తరంలో మారథాన్ ఊసు లేదు. మా అమ్మకు షుగరు, మీ నాన్నకు నలభైలోనే షుగరు, నాకూ ఉంది. ‘నా పిల్లలకు ఆ భయం ఉండకూడదు, వాళ్ళు పెద్దయ్యేసరికి నా కాళ్ళ మీద నేనుండాలి’ అని రాశావు. నీ గురి అది. డిసెంబరు మారథాన్ తేదీ పోతే పోనీ. 2013 నుంచి జరుగుతున్న పరుగు అది, దాన్ని నడిపే కేన్సర్ ఫౌండేషన్‌వాళ్ళు వచ్చే ఏడూ పెడతారు.

ఇక ఏం చేయాలో చెబుతాను. వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మునుపు, 2010లో, ఒక్కో విడత పది నిమిషాలకు తగ్గకూడదనే షరతు ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. ఎంత చిన్న కదలికైనా లెక్కలోకి వస్తుందన్నారు. పసిపిల్లల తల్లులకు ఇంతకంటే పనికొచ్చే మాట నేను వినలేదు. పెద్దోడి స్కూలు వ్యాను దాకా వెళ్ళి, ఇంకో వీధి చుట్టి వచ్చిన అయిదు నిమిషాలూ చేరతాయి. ఆఫీసులో ఫోను మాట్లాడుతూ వరండాలో తిరిగినవీ చేరతాయి. ఇప్పటికిప్పుడు 150 చేరుకోవాలని లేదు. ఆగకుండా ఉంటే చాలు.

పరుగు వద్దు, నడక మాత్రమే. నడుస్తూ పాపతో మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదే, మాట తెగుతుంటే ఎక్కువైనట్టు. ఎంత దూరమో నీ ఫోను చెప్పనక్కర్లేదు, మర్నాటి ఉదయమే చెబుతుంది. లేచేసరికి నొప్పి నిన్నటిలాగే ఉంటే అదే దూరం కొనసాగించు, తగ్గుతూ వస్తే కొంచెం పెంచు, పెరిగితే సగానికి దింపు. దింపడమంటే మానడం కాదు. వారమంతా ఊరుకుని ఆదివారం రేస్‌కోర్సు చుట్టూ తెగ తిరిగి సోమవారం మంచమెక్కే పద్ధతి మాత్రం నీకు అసలు పనికిరాదు.

నడకతో పాటు కండ పట్టు కూడా చూసుకో. జ్వరంలో పడుకున్నప్పుడు ముందు కరిగేవి తొడల కండలు. అవి పోయిన వేగంతో తిరిగి రావు. నడుం సడలాక, వారానికి రెండు రోజులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చో. గోడకు చేతులానించి తోయి. ఇవన్నీ పిల్లలు హోంవర్కు చేస్తుంటే పక్కనే చేసుకోవచ్చు. పిల్లను ఎత్తేటప్పుడు నడుం వంచకు, మోకాళ్ళు మడిచి దాన్ని గుండెకు ఆనించుకుని లే. కూర్చుని నువ్వు చేతులు చాపితే అదే నీ ఒళ్ళోకి ఎక్కుతుంది, ఆ వయసు వచ్చింది దానికి.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. జ్వరం తగ్గిన మర్నాడే వంటింట్లోకి వెళ్ళానని గొప్పగా రాశావు. అందులో గొప్పేమీ లేదు తల్లీ. నువ్వు పడుకున్న రోజుల్లో టిఫిన్ డబ్బాలు ఎవరో సర్దారు కదా? పెద్దోడికి జలుబు వస్తే ఎవరో కాచుకున్నారు కదా? ఇల్లు నడిచింది. లేవగానే ఆ పనులన్నీ నువ్వే వెనక్కి లాక్కున్నావు, వాళ్ళూ సరేనన్నారు. అల్లుడు మంచివాడు, అడిగితే కాదనడు, అడగకపోతే తోచదు. వారంలో నాలుగు రోజులు పొద్దున డబ్బాలూ యూనిఫారాలూ ఆయనవి. ఆ అరగంట నీది. దాన్ని దయగా తీసుకోకు, నీ కాళ్ళ మందుగా తీసుకో. మీ అత్తగారు ఏమైనా అంటే నా మాటగా చెప్పు, కాకపోతే ఫోను ఇవ్వు, నేనే మాట్లాడతాను.

‘మా కాలంలో ఇవన్నీ చేశామా’ అని ఆవిడ అంటారని నాకు తెలుసు. నిజమే, సజ్జలు దంచారు, పత్తి ఏరారు, బావిలో నీళ్ళు తోడారు. ఆ తరం ఆడవాళ్ళు అరవై దాటేసరికి మోకాళ్ళు పట్టుకుని ఎలా నడిచారో వార్డులో చూసినదాన్ని. వాళ్ళకు చాకిరీ దొరికింది, ఒంటిని చూసుకునే తీరిక ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళ కష్టాన్ని నీకు కొలబద్దగా పెట్టడం వాళ్ళకీ న్యాయం కాదు, నీకూ కాదు.

తై పూసానికి ఇక్కడ తెప్పోత్సవం. పిల్లల్ని తీసుకుని రెండు రోజుల ముందే రా. పొద్దున నేను నడిచే వేళకు కోనేటి చుట్టూ సగం ఊరు నడుస్తుంటుంది. తిరుమల నాయకుడు 1645లో తవ్వించిన కోనేరు, ఒక చుట్టు కిలోమీటరుకు కాస్త ఎక్కువ. నీకు ఎంత చేతనైతే అంతే నడుద్దాం, చాలు అన్నప్పుడు గట్టు మీద కూర్చుందాం.

ఈలోగా రక్తపరీక్ష చేయించు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, మూడు నెలల షుగరు లెక్క, మూడూ చూడమను. నీరసం జ్వరానిదే అనుకుని చాలామంది ఆడవాళ్ళు రక్తం తక్కువైన సంగతే గమనించరు. చీటీ రాగానే ఫొటో తీసి పంపు. డాక్టరు దగ్గరికి అల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళు, డాక్టరు చెప్పేది ఇద్దరూ వినండి.

నీ అత్త