బీజదోషము వలన వచ్చు క్యాన్సర్ – కుటుంబ కర్తవ్యము

భార్యకు గాని భర్తకు గాని వంశానుగతమైన అరుదైన క్యాన్సర్ అని తేలినప్పుడు, "ఇది ఎవరి వైపు నుండి వచ్చినది?" అను ప్రశ్న ఇంట పుట్టును. అది రోగిని నొప్పించునే గాని చికిత్సకు ఉపకరించదు.

పెద్దప్రేగులో వందలకొలది పిలకలు మొలచు వ్యాధి యొకటి గలదు. దీనికి మూలమైన ఏ.పి.సి. జన్యువును 1991లో గుర్తించిరి. చికిత్స లేనిచో 40 ఏండ్ల ప్రాంతమున క్యాన్సర్‌గా మారుట దాదాపు తప్పదు. సుమారు నాల్గవ వంతు రోగులలో ఈ దోషము పూర్వులలో లేకయే క్రొత్తగా పుట్టును. చరకసంహిత కూడ మొలలలో 'సహజ' భేదమునకు బీజదోషమే కారణమని చెప్పినది. బీజమందలి దోషము మనుష్యుని తప్పు కాదు.

ప్రతి బిడ్డకు ఈ దోషము సంక్రమించు అవకాశము సగము. రోగి రక్తపరీక్షలో జన్యుమార్పు తేలిన పిమ్మట, పిల్లలకును తోబుట్టువులకును అదే పరీక్ష చేయించవలెను. దోషమున్న పిల్లలకు 10–12 ఏండ్ల నుండి ప్రేగు పరీక్షలు అవసరము. పెండ్లి సంబంధములు చెడునని దాచినచో పిల్లల ప్రాణములకే ముప్పు.

కషాయములతో కాలము గడపి శస్త్రచికిత్సను వాయిదా వేయరాదు. శస్త్రచికిత్స పిదప విరేచనములు పలుమార్లగును. అప్పుడు మెత్తని అన్నము, ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ కొద్దికొద్దిగా ఇయ్యవలెను. త్రిఫల వంటి విరేచకములు వలదు. ఇంట ఏ మందు వాడినను ఆసుపత్రి వైద్యునికి తెలుపవలెను.

సేవ చేయువారును వేళకు భుజించి నిద్రించవలెను. రాత్రి కనిపెట్టుకొని యుండుట బంధువులు వంతులవారీగా పంచుకొనుట మేలు.