రహీం సాబ్ జట్టు

ఈ పాఠం చదివిన తరువాత, ఒక పాత విద్యార్థి తన కళాశాల జట్టుకూ, ఒక ఆటగాడు తన శిక్షకుడికీ ఎందుకు కట్టుబడి ఉంటారో మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు. ఆ కట్టుబాటుకు హద్దులున్నాయా అన్న ప్రశ్న మీద మీ అభిప్రాయం రాయగలుగుతారు.

మీరు ద్వారకలో ఉంటున్నారనుకుందాం. ఒక ఆదివారం నాడు నీలి లైను మెట్రో ఎక్కి మండీ హౌస్‌లో దిగండి. అక్కడి నుంచి ఆటోలో కొద్ది నిమిషాలు పోతే, ఇండియా గేటుకు దగ్గరలో మేజర్ ధ్యాన్‌చంద్ స్టేడియం కనిపిస్తుంది. ఇప్పుడది హాకీకి పేరు పడింది. 1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది అక్కడే. భారత జట్టు ఇరాన్‌పై 1-0 తేడాతో గెలిచింది. గోలు కొట్టినవాడు మేవాలాల్. జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊళ్ళో అందరికీ ఆయన రహీం సాబ్.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, దాని జట్టుకు ఆడాడు. ఆయన ఆడిన మరో జట్టు పేరు ఎలెవెన్ హంటర్స్. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీ పాత విద్యార్థులూ, అప్పుడు చదువుతున్నవారూ కలిసి ఆడే జట్టు అది. ఒక్క క్షణం దీని గురించి ఆలోచించండి. చదువు అయిపోయింది, సర్టిఫికెట్టు చేతికి వచ్చింది, ఉద్యోగం దొరికింది. అయినా సాయంత్రమయ్యేసరికి మనిషి కాళ్ళు పాత మైదానం వైపే నడుస్తాయి. తనకంటే పదేళ్ళు చిన్నవాడైన కుర్రవాడికి బంతి అందించడానికి ఆయన అక్కడికి పోతాడు. కళాశాల మీద అభిమానమంటే వార్షికోత్సవం నాడు ముందు వరుసలో కూర్చోవడం కాదని నాకనిపిస్తుంది.

రహీం బడిలో పాఠాలు చెబుతూనే హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం బాధ్యతలు మోశాడు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. డ్యురాండ్ కప్పు కూడా పలుమార్లు తెచ్చుకుంది. ఆయన పాఠం చెప్పే తీరు బడిపంతులు తీరే. ఒక పోటీలో బంతిని తనతో తిప్పుకుంటూ పోకూడదని నియమం పెట్టేవాడు. మరో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలనేవాడు. కుడిచేతివాటం పిల్లవాడికి ఎడమచేత్తో అక్షరాలు దిద్దించినట్టే కదా! ఎంత విసుగు పుట్టి ఉంటుందో ఊహించండి. అయినా పిల్లలు ఆయన్ని వదిలిపెట్టలేదు.

ఎందుకు వదిలిపెట్టలేదు? తులసీదాస్ బలరాం సంగతి చూడండి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంటి కుర్రవాడు. రహీం అతని ఆట చూసి, హైదరాబాదుకు వచ్చి సాధన చేయమన్నాడు. అంత దూరం రోజూ రావడానికి కుర్రవాడి దగ్గర డబ్బు లేదు. ఆ మాట చెబితే, అద్దె సైకిలుకు కావలసిన డబ్బు రహీం తానే ఇచ్చాడు. బలరాం పెద్దవాడై పేరు తెచ్చుకున్న తరువాత కూడా ఈ సైకిలు సంగతి చెప్పుకునేవాడు. 1956లో ఇరవై ఏళ్ళ వయసుకు అతను మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. అక్కడ భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది.

ఆలోచించండి: 1957లో బలరాం హైదరాబాదు వదిలి కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టుకు వెళ్ళిపోయాడు. హైదరాబాదు ఆటగాళ్ళు చాలామంది అదే దారి పట్టారు. ఇది గురువుకు చేసిన ద్రోహమా?

మీ జవాబు రాసుకున్న తరువాతే ముందుకు చదవండి. కలకత్తా క్లబ్బులలో పేరుంది, జీవనోపాధి ఉంది. ఇల్లు గడవవలసినవాణ్ణి తప్పు పట్టడానికి మనకు ఏమి హక్కుంది? పైగా జట్టు మారినా, దేశం పిలిచినప్పుడు బలరాం మళ్ళీ రహీం ముందు నిలబడ్డాడు. ఇటువైపు రహీం కూడా బంధుత్వం చూసి ఆడించే మనిషి కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన కొడుకు హకీం ఉన్నాడు. ఒక్క ఆటలోనూ తండ్రి అతన్ని మైదానంలోకి దించలేదు.

1962 నాటి జకార్తా ఆసియా క్రీడల సమయానికి రహీంను క్యాన్సరు తినేస్తోంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓటమి. తరువాత థాయిలాండ్‌పై, జపాన్‌పై గెలిచి మనవాళ్ళు సెమీఫైనల్ చేరారు. వెనక వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరుసలోకి మార్చాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 తేడాతో గెలుపు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ అధికారి విమర్శించినందుకు జకార్తా జనం మన జట్టు మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా ఎగతాళి కేకలు. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియానే. పి.కె. బెనర్జీ ఒక గోలు కొట్టాడు. రెండోది తలకు కట్టుతో ఆడుతున్న జర్నైల్ సింగ్‌ది. కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది గానీ, 2-1 తేడాతో స్వర్ణం మనదే అయింది. బలరాం ఆ జట్టులో ఉన్నాడు.

1963 జూన్ 11న రహీం కన్నుమూశాడు. బలరాం కూడా అనారోగ్యంతో ఆ ఏడాదే ఆట మానేశాడు. అతను బెంగాల్లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో మరణించాడు. జకార్తా తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి మళ్ళీ రాలేదు. రహీం జీవితం మీద 'మైదాన్' అనే హిందీ చిత్రం 2024లో వచ్చింది. వీలైతే చూడండి.

మీలో చాలామందికి చెప్పుకోవడానికి ఒక కళాశాల గానీ, దాని జట్టు గానీ లేకపోవచ్చు. బలరాంకు మాత్రం ఏముంది? అద్దె సైకిలు, ఒక పంతులు.

అభ్యాసం: మీకు పని గానీ, చదువు గానీ, ఆట గానీ నేర్పినవారు ఒకరుంటారు. మేస్త్రీ కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, సంపర్క కేంద్రంలో పాఠం చెప్పేవారు కావచ్చు. వారికి పది వాక్యాల ఉత్తరం రాయండి. వారు మీకు ఇచ్చిన 'సైకిలు' ఏమిటో అందులో చెప్పండి. రాసిన తరువాత దాన్ని నోటుపుస్తకంలోనే ఉంచేయకుండా పోస్టులో వేయండి.