గిటారు మెడకు సరిపడు పనిముట్టు



మన పల్లె సంఘములలో పాటలకు హార్మోనియము, తబలా, డోలకు ఉండుట అందరికిని తెలిసినదే. ఇప్పుడు అనేక సంఘములలో వాటి ప్రక్కన ఎలక్ట్రిక్ గిటారు కూడ చేరినది. డోలకు చర్మము సడలినయెడల బిగించుట పెద్దలకు తెలియును. గిటారు మెడ వంగినప్పుడు ఏమి చేయవలెనో చెప్పువారు మాత్రము అరుదు. తీగలు గరగరలాడును, లేదా వ్రేళ్లు నొచ్చునంత ఎత్తుగా లేచును. మెడలోపల ఇనుప కడ్డీ ఉన్నదనియు దానిని త్రిప్పిన సరియగుననియు ఎవరో చెప్పెదరు. వెంటనే ఒక యౌవనస్థుడు మోటారు సైకిలు సామానులోని అలెన్ కీ తెచ్చి, దూరినది కదా అని గట్టిగా త్రిప్పును. కీ జారును. నట్టులోని మూలలు అరిగిపోవును. అటు తరువాత సరియైన కీ తెచ్చినను పట్టు దొరకదు. సంఘమంతయు కానుకలు కూడబెట్టి కొన్న గిటారు ఈ విధముగా మూలబడుట మేము చూచితిమి. కీ వెల కొద్దిపాటిదే. మెడ మార్చవలసి వచ్చినయెడల, చవక గిటారు విషయములో, క్రొత్తది కొనుటయే నయమగును. అందుచేత ఈ నెల పాఠములో కడ్డీని ఎట్లు త్రిప్పవలెనను దానికంటె, దేనితో త్రిప్పవలెనను దానిని గూర్చియే ఎక్కువగా వ్రాయుచున్నాము.

మొదట ఆ కడ్డీ ఎందుకున్నదో తెలిసికొందము. వరంగల్లు కొత్తవాడలో జంపకానాలు నేయు మగ్గములను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. (ఆ జంపకానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది.) పడుగు నూలును రెండు చివరల మధ్య బిగించినప్పుడు ఆ నూలు రెండు చివరలను ఒకదానివైపు ఒకటి లాగుచుండును. మగ్గము గట్టిది గనుక ఆ లాగుడుకు నిలుచును. మ్రాను మెత్తనిదైతే వంగును. గిటారు తీగలును అంతే. సామాన్యముగా వాడు 10 నంబరు తీగల జత ఆరింటిని శ్రుతి చేసినప్పుడు అవి అన్నియు కలిసి మెడను దాదాపు 45 కిలోల బలముతో లాగును. సిమెంటు బస్తా బరువుకు ఇది కొంచెమే తక్కువ. రెండు వ్రేళ్ల మందము కూడ లేని సన్నని మెడ అంత బలమును సంవత్సరముల తరబడి ఓర్చుకొనవలెను. అందుకే మెడలోపల పొడుగునా ఒక ఉక్కు కడ్డీ పెట్టుదురు. దాని చివరనున్న నట్టును బిగించినప్పుడు అది తీగల లాగుడుకు ఎదురుగా మెడను వెనుకకు నెట్టును. దీనినే ట్రస్ రాడ్ అందురు.

కడ్డీ ఒకసారి బిగించి వదలివేయుటకు కాక మరల మరల సవరించుటకు వీలుగా ఎందుకుండవలెనని ఎవరైన అడుగవచ్చును. మన ప్రాంతపు ఎండయు వానయు దానికి జవాబు. మే నెలలో వేడి 40 డిగ్రీలు దాటి కర్రలోని తడి ఆరిపోవును. జూలైలో ముసురు పట్టి అదే కర్ర తడిని పీల్చుకొనును. కొత్తవాడ నేతగాండ్రకు నూలు బిగువు ముసురులో ఒకలాగును ఎండలో ఇంకొకలాగును ఉండుట తెలియనిది కాదు. గిటారు మెడ ఏ కాలమందు ఎటు వంగునో ఊహించి చెప్పరాదు, కర్ర కర్రకు భేదమున్నది. చూచియే చెప్పవలెను.

ఇట్లు సవరింపదగిన కడ్డీకి అమెరికాలో గిబ్సన్ కంపెనీ పనివాడగు తాడియస్ మెక్‌హ్యూ పేర 1923లో పేటెంటు దొరికినది. ఆ కంపెనీ నట్టును మెడ తలవైపున, చిన్న మూతక్రింద పెట్టినది. 1950లో లియో ఫెండర్ చేసిన మొదటి గిటార్లు కొన్నిటికి కడ్డీయే లేకుండెను. ఆ సంవత్సరమే దానిని చేర్చిరి గాని, నట్టును మెడ క్రిందికొనను, గిటారు శరీరము దగ్గర పెట్టిరి. నేటికిని గిటార్లు ఈ రెండు విధములుగానే వచ్చుచున్నవి. కాబట్టి పనిముట్టు వెదకుటకు ముందు నట్టు ఏ కొనను ఉన్నదో చూడవలెను. తలవైపు మూత ఉన్నయెడల దాని చిన్న మరలను విప్పి ఒక గిన్నెలో వేయుడి. క్రింద పడినవి దొరకవు.

తరువాత నట్టు ఆకారము చూడవలెను. టార్చిలైటు వేసి చూచిన తెలియును. ఆరు పలకల నట్టు బయటికి ఉబికి యుండినయెడల దానికి బాక్సు పానా కావలెను. చుట్టు స్థలము చాల ఇరుకు గనుక అంచు పలుచని పానాయే పట్టును. లోపలికి ఆరు మూలల గుంట యుండినయెడల అలెన్ కీ కావలెను. మెడ క్రిందికొనను అడ్డగీతగాని కూడలి గీతగాని ఉండినయెడల గీత వెడల్పునకు సరిపడు స్క్రూడ్రైవరు కావలెను, పాత పద్ధతి గిటార్లలో అట్టిదానికి మెడను విప్పవలసి వచ్చును. కొన్నిటికి చుట్టు రంధ్రములు గల చిన్న చక్రముండును. రంధ్రములో దూరు గట్టి ఇనుప పుల్లతో దానిని త్రిప్పవచ్చును. అది అన్నిటికంటె సులభమైనది.

మన సంఘములలో ఎక్కువ గిటార్లు చెడుట అలెన్ కీ దగ్గరనే. కారణమేమనగా, ప్రపంచములో రెండు కొలతలు నడచుచున్నవి. మన దేశములోని మోటారు సైకిళ్లు దాదాపు అన్నియు మిల్లీమీటర్ల కొలతవి. హార్డ్‌వేరు దుకాణములో అలెన్ కీ సెట్టు అడిగిన మిల్లీమీటర్ల సెట్టే చేతికిచ్చెదరు. అమెరికా పద్ధతి గిటార్లలో అనేకము అంగుళముల కొలతవి. ఒక అంగుళము 25.4 మిల్లీమీటర్లు. ఇక లెక్క చూడుడి. అమెరికాలో చేసిన ఫెండర్ గిటార్లలో చాలవాటికి కావలసినది 1/8 అంగుళపు కీ, అనగా 3.175 మిల్లీమీటర్లు. మన సెట్టులోని 3 మిల్లీమీటర్ల కీ అందులో సుఖముగా దూరును. దూరునుగాని వదులుగా ఆడును. దాని తరువాతి 3.5 దూరదు. ఆ ఆటయే మూలలను తినివేయును. 3/16 అంగుళము 4.76 మిల్లీమీటర్లు. దానికి మన 4.5 వదులు, 5 బిగువు. 5ను సుత్తితో కొట్టి దూర్చిన పనివానిని మేమెరుగుదుము. అతని పేరు ఇక్కడ అనవసరము.

అన్ని కొలతలు ఇట్లు శత్రువులు కావు. 5/32 అంగుళము 3.97 మిల్లీమీటర్లు గనుక సామాన్యముగా 4 మిల్లీమీటర్ల కీ సరిపోవును. గిబ్సన్ నట్టు 5/16 అంగుళము, అనగా 7.94 మిల్లీమీటర్లు. దానికి 8 మిల్లీమీటర్ల బాక్సు పానా చక్కగా పట్టును. జపాను కంపెనీయగు ఇబానెజ్ గిటార్లు చాలవాటికి 7 మిల్లీమీటర్ల పానా, కొన్నిటికి 8. అయితే గిటారు తలమీద వ్రాసిన పేరు చూచి కీ కొనుట మంచిది కాదు. ఒకే పేరుగల గిటారు ఒక దేశములో చేసినప్పుడు ఒక కొలతయు, వేరొక దేశములో చేసినప్పుడు వేరొక కొలతయు ఉండును. పేరు దారి చూపునే గాని నట్టే నిర్ణయించును.

అందుచేత మా సలహా ఇది. ఒక మిల్లీమీటర్ల సెట్టును, ఒక అంగుళముల సెట్టును దగ్గర పెట్టుకొనుడి. అంగుళముల సెట్టును పేరు పెట్టి అడుగవలెను, అడుగనిదే ఇవ్వరు. ఒక్క సంఘము కొనలేనియెడల నాలుగు సంఘములు కలిసి కొనవచ్చును. మొదట నట్టు గుంటలోని దుమ్మును పుల్లతో తీసి ఊదుడి. అడుగున దుమ్ము పేరుకొన్నయెడల సరియైన కీ కూడ పూర్తిగా దిగక జారును. తరువాత చిన్న కీ నుండి పెద్ద కీ వరకు, రెండు సెట్లను కలిపి వరుసగా దూర్చి చూడుడి. బలము లేకుండ దూరువాటిలో అన్నిటికంటె పెద్దది ఏదో అదియే మీ కీ. అది అడుగు వరకు దిగవలెను. చేతితో కొంచెము ఇటునటు కదిపినప్పుడు ఆడకూడదు. కొన గుండ్రముగా బంతివలె చెక్కిన కీలు కొన్ని గలవు. వంకర స్థలములలో మరలు త్రిప్పుటకు అవి మంచివేగాని ఈ పనికి తగవు, ఏలయనగా మూలలను కొద్దిపాటిగానే తాకును. పాతబడి మూలలు గుండ్రమైన కీ కూడ వద్దు. పట్టకారుతో నట్టును పట్టుకొనుట అసలే వద్దు.

ప్రసంగి గ్రంథము 10వ అధ్యాయము 10వ వచనమును చదివినవారు జ్ఞాపకము చేసికొందురు గాక. చేతికి ఎక్కువ బలము కావలసి వచ్చినప్పుడు ముందుగా పనిముట్టును చూడవలెను.

కీ దొరికిన తరువాత పని కొంచెమే. అయితే మెడ నిజముగా వంగినదో లేదో కొలిచి చూడనిదే త్రిప్పరాదు. గిటారును శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్టు మీద కాపో బిగించి, లావు తీగను చివరి ఫ్రెట్టు దగ్గర నొక్కుడి. ఇప్పుడు ఆ తీగయే మీ కొలబద్ద. ఎనిమిదవ ఫ్రెట్టుకును తీగకును మధ్య సుమారు 0.25 మిల్లీమీటరు సందుండిన మంచిది. మోటారు సైకిలు మెకానిక్కు ట్యాపెట్లు సవరించు ఫీలర్ గేజీ ఇచ్చటికి సరిగా పనికివచ్చును. అడిగిన ఇచ్చును. సందు చాల ఎక్కువైన మెడ ముందుకు వంగినది. నట్టును గడియారపు ముల్లు తిరుగు దిక్కున బిగించవలెను. సందే లేక తీగ ఫ్రెట్టును తాకుచున్నయెడల దానికి ఎదురు దిక్కున వదులు చేయవలెను. ఒకసారి పావు చుట్టుకు మించి త్రిప్పవద్దు. బిగించునప్పుడు తీగలను కొంచెము సడలించి, త్రిప్పిన తరువాత మరల శ్రుతి చేసి, మరల కొలవవలెను. కర్ర నిదానముగా కదలును గనుక మరునాడు ఇంకొకసారి చూచుట మంచిది. ఆరాధనకు అరగంట ముందు ఈ పని ఎన్నడును పెట్టుకొనవద్దు. నట్టు మొండికేసినయెడల అక్కడనే ఆపుడి.

మెడ సరిగానే ఉండి తీగలు ఎత్తుగా ఉండినయెడల దోషము కడ్డీది కాదు, బ్రిడ్జి దగ్గర సవరించవలెను. అచ్చటి చిన్న మరలకు కీ వేరు. అమెరికా ఫెండరుకు సామాన్యముగా 0.05 అంగుళము, అనగా 1.27 మిల్లీమీటర్లు. ఇతర దేశములలో చేసిన అనేక గిటార్లకు 1.5 మిల్లీమీటర్లు. ఇక్కడను అదే తొందర, అదే జాగ్రత్త.

సరిపడు కీ తేలిన తరువాత దానిని సెట్టులో మరల కలపవద్దు. దానికొక గుడ్డ పీలిక చుట్టి, కొలతను దానిమీద సిరాతో వ్రాసి, గిటారు సంచి లోపలి జేబులో కుట్టివేయుడి. వాయించువాడు మారినను కీ గిటారుతోనే పోవును.

ఇప్పటికే మూలలు అరిగిన నట్టు గల గిటారు మీ సంఘములో ఉండినయెడల పెద్ద కీని కొట్టి దూర్చక, బాగుచేయువాని వద్దకు పంపుడి. కొన్ని నట్లను ఊడదీసి మార్చవచ్చును, అన్నిటిని కాదు. పంపునప్పుడు మూడు సంగతులు ఒక చీటిమీద వ్రాసి సంచిలో పెట్టుడి: నట్టు ఏ కొనను ఉన్నది, దాని ఆకారమేమి, ఇంతవరకు ఏ ఏ కొలతల కీలను దూర్చి చూచితిరి. అతడు మొట్టమొదట అడుగునవి అవియే.