మీకు మీరే దివి: సొంత దారి ఎంచుకోవడం గురించి ధమ్మ పాఠం





ఇంటర్ పాసైన పిల్లాడు ఏం చదవాలో పక్కింటివాళ్ళు చెబుతారు. ఆడపిల్ల చదువు ఎక్కడ ఆగాలో వచ్చిన సంబంధం చెబుతుంది. ఓటు ఎవరికి వెయ్యాలో పెద్దమనిషి చెబుతాడు. త్రిశరణాలు, పంచశీల తీసుకున్న ఇళ్ళల్లో కూడా ఇదే నడుస్తుంటే మనం ఒకసారి ఆగి ఆలోచించాలి. దీక్షతో మన మతం మారింది. మరి మన బతుకు దారి ఎవరి చేతిలో ఉంది? ఈ పాఠం దాని గురించే.

1. ఆఖరి వర్షావాసంలో చెప్పిన మాట

బుద్ధ భగవానుడికి అప్పటికి ఎనభై ఏళ్ళు. వేసాలి దగ్గర వేలువ గ్రామంలో వర్షావాసం ఉండగా పెద్ద జబ్బు చేసి కోలుకున్నారు. సంఘానికి ఏదో ఒకటి చెప్పకుండా భగవానుడు వెళ్ళిపోరులే అని ఆనందుడు ధైర్యంగా ఉన్నాడు. దానికి బుద్ధుడు ఇచ్చిన జవాబు సారాంశం ఇది: నేను గుప్పిట్లో దాచుకున్నది ఏమీ లేదు, చెప్పాల్సిందంతా చెప్పేశాను. ఇక మీకు మీరే ఆధారం కావాలి, ధమ్మమే మీకు ఆధారం కావాలి.

అక్కడ వాడిన పాళీ మాట ‘దీప’. దానికి దీపం అనీ, ద్వీపం అనీ రెండర్థాలూ ఉన్నాయి. రెండో అర్థం దివిసీమవాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. దివి అంటే ద్వీపమే. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి, సముద్రంలో కలిసేలోగా పాయల మధ్య నిలిచిన నేల అది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని పొట్టనపెట్టుకుంది. నీళ్ళు ముంచుకొచ్చినప్పుడు ఎక్కి నిలబడటానికి ఒక ఎత్తైన చోటు ఉండటం అంటే ఏమిటో ఆ రోజు చూసినవాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు. ఆ తర్వాతే తీరం వెంబడి తుఫాను షెల్టర్లు లేచాయి.

షెల్టరు కట్టేది గాలివాన లేని రోజుల్లోనే. మనసుకీ అంతే. కష్టం వచ్చాక దారి వెతుక్కుందాంలే అంటే అప్పటికే నీళ్ళు గడప దాటుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీకు మీరే ఆధారం అంటే మీ ఇష్టమొచ్చినట్టు చెయ్యమని కాదు. బుద్ధుడు ‘మీరు’ అన్న వెంటనే ‘ధమ్మం’ అన్నారు. దాన్ని ఎలా సాధించాలో కూడా అక్కడే చెప్పారు: శరీరాన్ని, వేదనల్ని, మనసుని, మనసులో కదిలే విషయాల్ని ఎరుకతో గమనిస్తూ ఉండటం. ఆశ ఏదో, దారి ఏదో తేడా తెలిసేది అలా గమనించినప్పుడే.

2. ఎంచుకునే ముందు పరీక్ష

కేసపుత్త ఊళ్ళో కాలాములు బుద్ధుడిని ఒకటి అడిగారు: వచ్చే ప్రతి గురువూ తన మాటే నిజమంటున్నాడు, మేము ఎవర్ని నమ్మాలి? అందరూ అంటున్నారనో, తాతల నాటి నుంచి వస్తుందనో, గ్రంథంలో ఉందనో, చెప్పేవాడు మా గురువనో ఒప్పుకోవద్దన్నారు బుద్ధుడు. ఆ పని వల్ల లోభం, ద్వేషం, మోహం పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, మీకూ ఎదుటివాళ్ళకీ మేలా కీడా అన్నది మీరే చూసుకోండి, తెలిసినవాళ్ళు దాన్ని మెచ్చుకుంటారో లేదో కూడా చూడండి అన్నారు.

మీ పిల్లాడి కోర్సుకీ, మీ అమ్మాయి పెళ్ళికీ, మీరు చెయ్యబోయే అప్పుకీ ఈ పరీక్ష పెట్టండి. “నలుగురూ ఏమనుకుంటారు?” అన్న ప్రశ్న ఈ పరీక్షలో లేదు. గమనించారా?

3. బాబాసాహెబ్ నడిచిన ఇరవై ఒక్క ఏళ్ళు

1935 అక్టోబరు 13న యేవలాలో బాబాసాహెబ్ అంబేద్కర్, తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్ళు. తమ మతంలోకి రమ్మని పిలిచినవాళ్ళు చాలామందే. ఆయన తొందరపడలేదు, అలాగని ఊరికే కూర్చోనూ లేదు. చదివారు, పోల్చి చూశారు, రంగూన్‌లో బౌద్ధ సమావేశానికి వెళ్ళారు, 1955లో భారతీయ బౌద్ధ మహాసభ స్థాపించారు. ఆ తర్వాత లక్షలమందితో కలిసి నడిచారు.

కాబట్టి ఇరవై ఏళ్ళ వయసులో దారి తేలలేదని పిల్లల్ని తిట్టకండి. వెతకడం కూడా దారిలో భాగమే. ఏమీ చెయ్యకుండా వాయిదా వెయ్యడం మాత్రం వెతకడం కాదు.

అంతకు ముందే మన దగ్గర ఇంకో అడుగు పడింది. 1917 నవంబరులో బెజవాడలో ‘పంచముల’ సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. ఇతరులు పెట్టిన ఆ పేరు మాకొద్దు, మేము ఆది ఆంధ్రులం అని ఆ సభ తేల్చింది. సొంత దారిలో మొదటి అడుగు ఒక్కోసారి ఇంతే: పక్కవాడు పెట్టిన పేరుని వదిలెయ్యడం.

4. కాగితం దగ్గర భయం

“బౌద్ధం అని రాయిస్తే పిల్లల రిజర్వేషన్ పోతుందేమో!” ఈ భయంతోనే చాలా ఇళ్ళల్లో బుద్ధుడు గోడ మీద పటంగానే ఆగిపోతున్నాడు. తెలుసుకోండి: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులనీ, 1990లో పార్లమెంటు చట్టంతో బౌద్ధులనీ చేర్చారు. బౌద్ధులైనందువల్ల ఎస్సీ హోదా పోదు. ఆఫీసులో ఎవరైనా కాదంటే గొడవపడకండి. 1990 సవరణ సంగతి మర్యాదగా చెప్పి, జవాబు రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. తెలియక పడే భయం మోహమే. తెలుసుకుంటే అది పోతుంది.

5. సంపాదన కూడా ధమ్మమే

దారి అంటే అన్నీ వదిలి విహారానికి పోవడం కాదు. ఘంటసాల స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో గృహపతుల పేర్లున్నాయి, ఒక మహానావికుడి ప్రస్తావన ఉంది. సముద్రం మీద వ్యాపారం చేస్తూ, పెళ్ళాం పిల్లల్ని పోషించుకుంటూనే వాళ్ళు ధమ్మాన్ని నిలబెట్టారు. గుడివాడలోనూ పాత బౌద్ధ దిబ్బ ఉంది. ఈ నేలకి ధమ్మం కొత్త కాదు.

ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం: ఈ ఐదింటి వ్యాపారం ఉపాసకులకి తగదన్నారు బుద్ధుడు. బందరులో రోల్డుగోల్డు పని చేసినా, పెడనలో కలంకారీ అద్దకం వేసినా, పొలంలో కూలికెళ్ళినా, బడిలో పాఠం చెప్పినా అందులో సమ్మా ఆజీవో సాధ్యమే. పూట గడవక చేపల చెరువుల మీద పనికి పోయేవాళ్ళని తప్పుపట్టకండి. వాళ్ళ పిల్లలకి ఇంకో దారి దొరికేలా సాయం చెయ్యడం మన సంఘం బాధ్యత.

ఈ వారం సాధన

రోజూ పొద్దున్నే పది నిమిషాలు ఊపిరిని గమనిస్తూ కూర్చోండి. తర్వాత నోటుబుక్కులో వీటికి జవాబులు రాయండి. ఆదివారం వందన అయ్యాక ఇంట్లోవాళ్ళతో కలిసి మాట్లాడుకోండి. పిల్లల్ని ముందు మాట్లాడనివ్వండి.

1. నేను ఇప్పుడు నడుస్తున్న దారి ఎవరు ఎంచింది?
2. దాని వల్ల నాలో లోభ, ద్వేష, మోహాలు పెరిగాయా, తగ్గాయా?
3. నా దారి వల్ల ఇంకొకరికి ఏం మేలు జరుగుతుంది?
4. ఏ భయం నన్ను ఆపుతోంది? దాని గురించి ఎవర్ని అడిగి తెలుసుకోవాలి?
5. ఈ నెలలో వెయ్యగలిగే ఒక్క అడుగు ఏది?

ఐదో ప్రశ్నకి రాసే జవాబు చిన్నదైనా ఫర్వాలేదు. ఒక అప్లికేషన్ నింపడం కావచ్చు, మానేసిన చదువు మళ్ళీ మొదలుపెట్టడం కావచ్చు, తాగుడు మానడం కావచ్చు. రాసింది చెయ్యండి. చేశాక వచ్చే వారం రెండో అడుగు మీకే కనబడుతుంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!