ఈగను పట్టే మొక్కకు ఏం పెట్టాలి?



నేను ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. సంచికకు ఏదైనా పాఠం లాంటిది రాయమన్నారు. నా చేతుల్లో చచ్చిపోయిన ఒక మొక్క నేర్పిన పాఠమే రాస్తున్నాను.

డిగ్రీ రెండో సంవత్సరంలో స్కాలర్‌షిప్ డబ్బులో ఐదు వందలు పెట్టి వీనస్ ఫ్లైట్రాప్ మొక్కను పోస్టులో తెప్పించుకున్నాను. మా అమ్మ కలుపుకు వెళితే రెండు రోజుల కూలి అది. రూములో అందరం దాని చుట్టూ మూగాం. పెన్సిలు మొనతో పొడిచి మూయించాం. కోడిగుడ్డు ముక్క పెట్టాం. చిక్కిపోతోందని పశువుల ఎరువు వేశాం, బోరు నీళ్లు పోశాం. నలభై రోజులకు నల్లబడి చచ్చిపోయింది. ఆకలితో కాదు, మేం పెట్టిన తిండితో.

ఎక్కడి మొక్క?

దీని శాస్త్రీయ నామం డయోనియా మసిపులా. అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల తీరంలో, విల్మింగ్టన్ పట్టణం చుట్టుపక్కల చిత్తడి నేలల్లోనే ఇది సహజంగా పెరుగుతుంది. దొంగతనంగా పెకలించుకుపోయేవాళ్లు ఎక్కువై, 2014లో ఉత్తర కరోలినా దాన్ని పెద్ద నేరంగా చట్టం చేసింది. చార్లెస్ డార్విన్ 1875లో కీటకాహార మొక్కల మీద రాసిన పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు.

ఆకు చివర పుస్తకంలా తెరుచుకునే రెండు రెక్కలుంటాయి. ఒక్కో రెక్క లోపల సాధారణంగా మూడు సన్నని నూగు వెంట్రుకలు ఉంటాయి. పురుగు ఒకసారి తగిలితే మూసుకోదు. సుమారు 20 సెకన్లలో రెండోసారి తగిలితేనే, సెకనులో పదో వంతులో మూసుకుంటుంది. వాన చినుకుకో ఎండు ఆకుకో మోసపోకుండా ఈ లెక్క. లోపల పురుగు ఇంకా కొట్టుకుంటూ ఐదుసార్ల దాకా తగిలాక జీర్ణరసాలు ఊరడం మొదలవుతుందని 2016లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు.

పురుగు దాని అన్నం కాదు

నేను తప్పు చేసింది ఇక్కడే. ఈ మొక్క కూడా వరిలాగే ఆకుల్లో ఎండతోనే తన అన్నం వండుకుంటుంది. అది పుట్టిన నేలలో నత్రజని, భాస్వరం చాలా తక్కువ. ఆ లోటు పురుగులతో తీర్చుకుంటుంది. అంటే పురుగు దానికి అన్నం కాదు, ఎరువు. అలాంటి మొక్క వేళ్లకు మనం ఎరువు వేస్తే వేళ్లు మాడిపోతాయి.

పెంచే పద్ధతి

1. నీళ్లు: వాన నీళ్లు, లేదా బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్. మన దివిసీమ, బందరు వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అది పనికిరాదు. లవణాలు కలిపిన మినరల్ వాటర్ కూడా వద్దు. కుండీ కింద పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీళ్లు ఉంచాలి.

2. మట్టి: నల్లమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు ఏవీ వద్దు. నర్సరీల్లో దొరికే పీట్ మాస్‌లో బాగా కడిగిన ఇసుక కలపాలి.

3. ఎండ: రోజుకు నాలుగైదు గంటలు నేరుగా తగలాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం నీడ ఇవ్వాలి.

4. మేత: రెండు మూడు వారాలకు ఒక్క బోనులో ఒక్క పురుగు చాలు. అది బోను సైజులో మూడో వంతుకు మించకూడదు. చచ్చిన పురుగు పెడితే, బోను మూసుకున్నాక బయటినుంచి మెల్లగా నొక్కుతూ ఉండాలి. లేకపోతే లోపల ఏమీ లేదనుకుని మళ్లీ తెరుచుకుంటుంది. మాంసం, గుడ్డు, అన్నం పెడితే కుళ్లిపోతుంది. బయట ఉంచితే అసలు మేత పెట్టనక్కరలేదు, అదే పట్టుకుంటుంది.

5. ఆట వద్దు: ప్రతి బోను కొన్నిసార్లే మూసుకోగలదు. ఊరికే మూయిస్తే దాని బలం వృథా. నల్లబడిన బోనులను కత్తిరించేయాలి, దాని బదులు కొత్తది వస్తుంది.

6. చలి: దీనికి ఏటా మూడు నెలలు చలికాలపు నిద్ర కావాలి, అదీ పది డిగ్రీల లోపు చలిలో. మన దగ్గర సంక్రాంతి చలి కూడా చాలదు. నిద్ర లేకుండా ఏడాదో రెండేళ్లో నెట్టుకొచ్చి నీరసిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చేవాళ్లూ ఉన్నారు. మన హాస్టల్లో అది కుదిరే పని కాదు.

మన బోదెలో ఉన్న వేటగత్తె

అందుకే మీకు ఐదు వందలు ఖర్చుపెట్టి కొనమని చెప్పను. ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరం సెలవుల్లో సార్వా చేలో అమ్మతో ఉన్నాను. బోదెలోంచి అమ్మ గుప్పెడు నాచు లాంటిది తీసి గట్టు మీద పడేసింది. సన్నని పోగులు, పోగుల నిండా ఆవగింజల్లాంటి తిత్తులు, పైన చిన్న పసుపు పూలు. అది యుట్రిక్యులేరియా. ఇంటర్‌లో దాని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. మా అమ్మ ఇన్నేళ్లుగా పీకి పారేస్తున్నది అదేనని నాకు తెలియదు.

దీని కుటుంబం వేరు, అవసరం మాత్రం అదే. దీనికి వేళ్లే ఉండవు. తిత్తిలోని నీటిని బయటికి తోడేసి, బుగ్గలు లోపలికి పీల్చినట్టు బిగబట్టి ఉంటుంది. మూత దగ్గరి వెంట్రుకలకు నీటిపురుగు తగలగానే మూత తెరుచుకుని, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో లోపలికి గుంజేస్తుంది. వీనస్ ఫ్లైట్రాప్ కంటే ఎంతో వేగం.

భూతద్దంలో అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, “దీనికి ఏం పెడతావే?” అంది. ఏమీ పెట్టక్కర్లేదన్నాను. “మంచిదే. పెట్టడం కాదు, దానికి అరిగేదేదో తెలియాలి” అంది. మూడేళ్ల క్రితం ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

చెల్లెళ్లూ, మీరూ పెంచవచ్చు. పెద్దవాళ్ల చేత నాలుగు పోగులు తీయించండి, మీరు మాత్రం కాలువలోకి దిగకండి. వెడల్పు ప్లాస్టిక్ తొట్టిలో వాన నీళ్లు పోసి, అందులో వేసి, ఎండ తగిలే చోట పెట్టండి. ఎరువు వేయకండి. ఇది దోమపిల్లలను తింటుంది గానీ అన్నింటినీ తినలేదు, కాబట్టి తొట్టి మీద దోమతెర తప్పనిసరిగా కట్టండి. వారానికోసారి సైన్సు టీచరుగారి భూతద్దం అడిగి చూడండి. నల్లబడిన తిత్తుల్లో సాధారణంగా వేట ఉంటుంది. వాటిని లెక్కపెట్టి, తేదీ వేసి నోటుబుక్కులో రాయండి.

వచ్చే వార్షికోత్సవానికి నేను వస్తాను. ఆ నోటుబుక్కు నాకు చూపించాలి.