యిత్రో చెప్పిన ఆలోచన

చదువవలసిన భాగము: నిర్గమకాండము 18:13–27



మోషే ప్రొద్దుననుండి సాయంకాలమువరకు ఒంటరిగా కూర్చుండి తగవులు తీర్చుచుండెను. జనులు నిలువుకాళ్లమీద నుండి అలసిపోవుచుండిరి. ఇది చూచిన మామ యిత్రో, జనులలోనుండియే తగినవారిని ఏరి, వారికి బోధించి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి ఒక్కొక్కరిని నియమించుమనెను. కష్టమైన సంగతులు మాత్రమే మోషేయొద్దకు రావలెను. సాధారణముగా మనము ఈ భాగమును సంఘపెద్దల నేర్పరచునాడు చదువుదుము. ఈ నెల నేను దీనిని రోగుల విషయములో చదువగోరుచున్నాను.

మెన్నొనైట్ బ్రదరన్ మిషను వైద్యురాలు డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గుగారు 1907లో ఇండియాకు వచ్చి, 1945లో మరణించువరకు సేవచేసిరి. శంషాబాదులో ఆమె ఆస్పత్రి నడిపిరి. తరువాత జడ్చర్లలోను మిషను ఆస్పత్రి లేచెను. బండ్లు కట్టుకొని పోయి, అక్కడ చెట్టు నీడను వరుసలో కూర్చున్న సంగతులు మన ముసలివారు చెప్పుదురు. అది మోషే వరుసవంటిదే. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలాయెను. 2022లో వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరువబడెను. సంతోషమే. అయినను అమ్రాబాదు అడవిలోని చెంచుపెంటలో అర్ధరాత్రి డొక్కలెగురుచున్న బిడ్డకు ఆ కళాశాల దూరమే.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకొనవలెను. నేను క్రొత్తగా పాస్టరునైన దినములలో, నడిగడ్డలోని యొక ఇంట ఏడాది బిడ్డకు వాంతులు, విరేచనములు పట్టుకొనగా నన్ను పిలిచిరి. "నీళ్లు తాపితే ఇంకా పారుతది, అయ్యగారూ" అని వాళ్ల అవ్వ చెంబు దూరముగా పెట్టెను. నేను ప్రార్థనచేసి వచ్చితిని. నీళ్ల మాట ఎత్తలేదు, ఏలయనగా నాకును తెలియదు. సెమినరీలో గ్రీకు అక్షరములు నేర్చితిని గాని ఇది నేర్వలేదు. తెల్లవారకముందే బిడ్డ పోయెను.

కొన్నేండ్లకు మా ఊరి ఆశా కార్యకర్త స్త్రీల కూడికలో నిలువబడి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాలు తలకొట్టిన చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, మాటిమాటికి కొంచెము కొంచెముగా తాగించవలెననియు, తల్లిపాలు మానకూడదనియు చెప్పెను. ఆస్పత్రి పొట్లము దొరికిన అదే మేలనెను. నేను వెనుక బల్లమీద కూర్చుండి వింటిని.

ఈ ఆశాల ఏర్పాటు 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషనుతో మొదలాయెను. సుమారు వేయిమందికి ఒక్కరు. యిత్రో లెక్కయే గదా! ఆమె ఆ ఊరిదే కావలెను, కోడలైతే మరీ మంచిది, కూతురైతే పెండ్లియై వెళ్లిపోవును. మొదటి యేట 23 దినముల శిక్షణ, విడతలు విడతలుగా. తరువాత పసిబిడ్డల సంరక్షణ నేర్పుదురు: జోలె త్రాసులో తూచుట, జ్వరము చూచుట, గడియారము పట్టుకొని ఊపిరి లెక్కించుట. రెండు నెలలలోపు బిడ్డ నిమిషమునకు 60 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీసినయెడల ఆలస్యము చేయక ఆస్పత్రికి పంపవలెను. ఆస్పత్రిలో కాన్పైన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 దినములందు ఇంటికి వచ్చి చూచును. ఇంట కాన్పైనయెడల మొదటి దినమునను వచ్చును. బొంబాయి, పూనాలకు వలసపోయిన కుటుంబముల బిడ్డలకు టీకాలు తప్పకుండ వెదకుట ఆమెకు పెద్ద తలనొప్పి. ఇంత పనికిని ఆమెకు ఉద్యోగి జీతము లేదు, పనినిబట్టి పారితోషికమే. వందనములు చెప్పుటకు మాత్రము అందరము ముందుందుము.

ఇట్టి స్త్రీలు నిజముగా ప్రాణములు నిలుపగలరా? మహారాష్ట్రలోని జామ్‌ఖేడులో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన డాక్టరు రజనీకాంత్ ఆరోలె, డాక్టరు మేబెల్ ఆరోలె దంపతులు 1970లో పని మొదలుపెట్టి, చదువురాని పల్లె స్త్రీలకు వైద్యము నేర్పిరి. వారిలో అంటరానివారని త్రోయబడిన కులములవారును ఉండిరి. గడ్చిరోలిలో డాక్టరు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు నేర్పిన గ్రామ కార్యకర్తలు పసిబిడ్డలను చూచుకొన్న ఊళ్లలో, ఇతర ఊళ్లతో పోల్చిన మూడవ యేటికి నెలలోపు శిశుమరణములు 62 శాతము తగ్గెనని 1999లో ప్రచురించిరి. ఇంటికి వచ్చి పసిబిడ్డను చూచు నేటి పద్ధతికి అదియొక మూలము.

యిత్రో కోరిన గుణములు చూడుడి: సామర్థ్యము, దైవభీతి, సత్యప్రీతి, లంచమునెడల అసహ్యము. ఎవరి బంధువులని గాని, ఏ వీధివారని గాని అడుగలేదు. మన ఊళ్లలో మొదట అడుగునది అదే. మా గ్రామమున ఆశా స్థానము ఖాళీగా నున్నది. మా సంఘములో ఇద్దరు బిడ్డల తల్లి, పదవ తరగతి చదివిన విధవరాలు ఒకతె యున్నది. ఏ యింట కాన్పైనను పిలువకముందే పోవును. ఆమె పేరు గ్రామసభలో చెప్పుటకు మన పెద్దలే జంకుచున్నారు. పెద్ద యిండ్లవారు ఆమెను గడప దాటనియ్యరేమో యని వారి భయము. ఆమెను అడిగితిని. "బిడ్డకు పానం మీదికొచ్చినప్పుడు గడప ఎవరు చూస్తరు అయ్యగారూ, రమ్మంటే పోత" అనెను.

గ్రామసభ వచ్చే సోమవారము. పేరు నేనే చెప్పెదను. ఆదివారము ఆరాధన తరువాత పెద్దలు కొంచెము నిలువవలెనని కోరుచున్నాను.